టీకా - తాత్పర్యము
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమున "టీక" యను మాట క్రొత్తది కాదు. కఠినమైన పద్యమును మొదటిసారి చూచిన పాఠకుడు బెదరును. టీక చదివినవాడు బెదరడు. ప్రతిపదార్థము ముందే తెలిసియుండుటచేత, ఆ పద్యము మఱెక్కడ ఎదురైనను వెంటనే పోల్చుకొనును. శరీరమునకు వేయు టీకాయు ఇంచుమించు అట్టి పనియే చేయుచున్నది. ఈ రెండు మాటలకును పుట్టుక వేఱు. వైద్యపు టీకా ఉత్తరాది భాషలలో బొట్టు, గుర్తు అను అర్థము గల మాటనుండి వచ్చినది. అయినను పోలిక చక్కగా కుదిరినది. రోగకారకమైన సూక్ష్మజీవిని చంపియో, బలహీనపఱచియో, దానిలోని ఒక చిన్న భాగమును మాత్రము వేఱుచేసియో శరీరమునకు ముందుగా చూపుదురు. శరీరము దానిని చదువుకొని జ్ఞాపకముంచుకొనును. పిమ్మట నిజమైన శత్రువు వచ్చినపుడు దానిని తడవుకొనకుండ పోల్చుకొని ఎదుర్కొనును. టీకాకు తాత్పర్యమిదియే.

ఈ ఉపన్యాసమునకు విషయము పిల్లలకు వేయించు టీకాలును, పెద్దలకు పనికివచ్చు ఫ్లూ టీకాయును. ఒక ప్రక్క రేవును, ఒక ప్రక్క ఉక్కు కర్మాగారమును గల విశాఖపట్టణపు చాయలో బ్రతుకు పల్లెలకు ఈ విషయము ఎంత ముఖ్యమో విచారింపవలసియున్నది.

వ్యాధి యొక యింటి వ్యవహారము కాదని మన పూర్వులెఱుగుదురు. చరకసంహిత విమానస్థానమున జనపదములు నాశనమగుటను గూర్చి ప్రత్యేకముగా ఒక అధ్యాయమున్నది. మనుష్యుల ప్రకృతులు, ఆహారములు, బలములు వేఱువేఱుగా నున్నను, వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును చెడినపుడు అందఱును ఒకేమారు ఒకే వ్యాధికి లోనగుదురని అందు చెప్పబడినది. మాధవనిదానమున మసూరపు గింజలవంటి పొక్కులు లేచు మసూరికా వ్యాధి వర్ణింపబడినది. పల్లెలలో పెద్దమ్మవారని చెప్పుకొన్నది ఆ మశూచికమునే. అది సోకినవారిలో రమారమి మువ్వురిలో ఒకరు మరణించెడివారు. బ్రతికినవారికి ముఖమంతయు గుంటలు మిగిలెడివి. కొందఱికి చూపు పోయెడిది.

విశాఖపట్టణము బురుజుపేటలోని శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారిని గూర్చి భక్తులు నేటికిని ఒక కథ చెప్పుకొందురు. 1917 ప్రాంతమున బాట వెడల్పు చేయుటకై అమ్మవారి విగ్రహమును కదల్పగా పట్టణమున మహామారి చెలరేగినదనియు, మరల యథాస్థానమున నిలుపగా శాంతించినదనియు ఆ కథ. అంటువ్యాధి వచ్చినపుడు పట్టణము ఎంత నిస్సహాయముగా నుండెనో ఆ కథవలన తెలియుచున్నది. ఊరంతటికి వచ్చిన ఆపదకు ఊరంతయు కలిసి మ్రొక్కిరి. ఆ ఐకమత్యము నేటికిని కావలసినదే. గుడికి పోవు కాలు ఆరోగ్యకేంద్రమునకును పోవచ్చును. ఈ రెండింటికి వైరమేమియు లేదు.

1796లో ఇంగ్లండులో ఎడ్వర్డు జెన్నరు అను వైద్యుడు, గోవులనుండి సోకిన పొక్కులు గల పాలుపిదుకు యువతి చేతినుండి తీసిన రసమును ఒక బాలునికి అంటించి, మశూచికమునుండి రక్షణ కలుగునని చూపెను. 1802 జూన్ నెలలో ఆ టీకా మొదటిసారిగా మన దేశమున బొంబాయిలో మూడేండ్ల బాలికకు వేయబడినది. నాడు మంచుపెట్టెలు లేవు, శీతలయంత్రములు లేవు. ఒక బిడ్డ చేతి పొక్కునుండి మఱియొక బిడ్డ చేతికి మార్చుచు ఆ మందును దూరదేశములకు గొనిపోయిరి. ఒక దీపముతో మఱియొక దీపమును వెలిగించినట్లు, పసిపిల్లల చేతులమీదుగానే ఆ రక్షణ దేశమున వ్యాపించినది. 19వ శతాబ్ది చివర మద్రాసు చెంత గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూటు స్థాపింపబడిన పిమ్మట, మద్రాసు రాజధానిలోని జిల్లాలకు టీకామందు అచ్చటనే తయారగుచు వచ్చెను.

ఆ పని ముగియుటకు తరములు పట్టినది. మన దేశమున మశూచికపు చివరి రోగి 1975 మే నెలలో కనబడెను. 1977లో భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని నిర్ధారణ జరిగెను. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ వ్యాధి భూమిమీదనే లేదని ప్రకటించెను. ఈ సభలో యాబది యేండ్లు దాటిన పెద్దలు చొక్కా చేయి పైకి మడిచినచో భుజముమీద గుండ్రని మచ్చలు కనబడును. వారి మనుమల చేతులపై ఆ మచ్చలు లేవు. టీకా తన పనిని ముగించి, తన అవసరమును తానే తొలగించుకొన్నది. మనుష్యుని చరిత్రలో ఇట్టి జయము మఱియొకటి అరుదు.

ఇక రేవు సంగతి. సముద్రము సంపదను తెచ్చును. దానితో రోగమును తెచ్చును. 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవున దిగి, రైలుబాటల వెంట దేశమంతట వ్యాపించినది. కోటికి మించి జనులు మన దేశమున మరణించిరని లెక్కకట్టిరి. 1911 మొదలు 1921 వఱకు గడచిన పదేండ్లలో భారతదేశపు జనసంఖ్య పెరుగుటకు మాఱు తగ్గినది. జనాభా లెక్కలు పుట్టిన తరువాత అట్టి తగ్గుదల ఆ ఒక్క దశాబ్దముననే కనబడును. విశాఖపట్టణపు రేవు వెలసిన 1933వ సంవత్సరముననే ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఇన్‌ఫ్లుయెంజా వైరసును మనుష్యులనుండి వేఱుచేసి గుర్తించిరి. శత్రువు రూపము తెలిసిన పిమ్మటనే టీకాకు దారి ఏర్పడినది. 1957లో ఆసియా ఫ్లూ తూర్పుదేశములనుండి ఓడమీద మద్రాసు రేవు చేరి దేశమున ప్రాకినది. 2009 మే నెలలో క్రొత్తరకపు ఫ్లూ సోకిన మొదటి మనిషి మన దేశమున కనబడినది హైదరాబాదు విమానాశ్రయమున. 2020లో కోవిడు వచ్చినపుడు ప్రపంచమంతయు తలుపులు మూసికొని కూర్చున్న సంగతి ఈ సభలోని పిల్లలకు కూడ తెలియును.

ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను. 1992లో అది జాతికి అంకితమయ్యెను. దానితో శ్రీకాకుళమునుండి, ఒడిషానుండి, బీహారునుండి, ఇంకెన్నో చోట్లనుండి పనివారు గాజువాక ప్రాంతమునకు వచ్చి చేరిరి. తెల్లవారక మునుపే ఊరు విడిచి రేవులోనో కర్మాగారములోనో పనిచేసి, దీపాలవేళకు ఇల్లు చేరువారు ఈ చుట్టుప్రక్కల పల్లెలలో ఎందఱో. ఇట్టి ప్రదేశమునకు వ్యాధి రాకుండ పొలిమేరలో కంచె వేయుట సాధ్యము కాదు. కంచె బిడ్డల శరీరములయందే వేయవలసియున్నది.

ఆ కంచె ఎట్లు వేయుదురో కొంచెము వివరముగా చెప్పవలెను. 1978లో ప్రారంభమైన టీకాల ప్రణాళిక 1985 మొదలు సార్వత్రిక కార్యక్రమమై నేడు పండ్రెండు వ్యాధులనుండి రక్షణ నిచ్చుచున్నది. ఇది యుచితము. బిడ్డ పుట్టినంతనే క్షయకు బి.సి.జి., పోలియో చుక్కలు, ఇరువదినాలుగు గంటలలోపల హెపటైటిస్-బి టీకా ఇత్తురు. 6, 10, 14 వారములకు ఐదు వ్యాధులకు కలిపిన ఒకే సూది వేయుదురు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతము, కాలేయమును చెఱచు హెపటైటిస్-బి, మెదడు పొరకు వాపు తెచ్చు హిబ్, ఈ ఐదును అందులో చేరినవి. ఆ వారములలోనే పోలియోకు, అతిసారము కలిగించు రోటావైరసునకు, న్యుమోనియాకు టీకాలున్నవి. తొమ్మిది నెలలు నిండిన పిమ్మట తట్టు-రూబెల్లా టీకాయు, దానితో విటమిన్-ఏ ద్రవమును ఇత్తురు. 16 మొదలు 24 నెలలలోపల తట్టుకు రెండవ మోతాదు, మఱికొన్ని బలపు మోతాదులు. 5-6 ఏండ్లకు ఒకటి, 10 ఏండ్లకు ఒకటి, 16 ఏండ్లకు ఒకటి. మెదడువాపు వ్యాధి యున్న జిల్లాలలో దానికిని టీకా కలదు.

గర్భిణికి వేయు ధనుర్వాతపు టీకాను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. అభిమన్యుడు తల్లి గర్భముననే పద్మవ్యూహమును ప్రవేశించు విద్య వినెనని లోకప్రసిద్ధి. తల్లి శరీరము నేర్చిన రక్షణ నిజముగనే గర్భస్థశిశువునకు చేరుచున్నది. పూర్వము బొడ్డు కోసిన కొడవలివలననో, మురికి గుడ్డవలననో ధనుర్వాతము సోకి, పుట్టి వారమైనను గడవని పసికందులు కొయ్యబారి మరణించెడివారు. పురిటి పరిశుభ్రతవలనను తల్లికి వేసిన టీకావలనను ఆ ఘోరము తగ్గిపోయినది. 2003లో ఆంధ్రప్రదేశమున, 2015లో దేశమంతటను నవజాతశిశువుల ధనుర్వాతము నిర్మూలన స్థాయికి వచ్చినదని నిర్ధారించిరి. అయితే ధనుర్వాతపు బీజము మట్టిలో ఎప్పుడును ఉండును. టీకా మానినచో అది మరల వచ్చును.

పోలియో కథయు అట్టిదే. 1995లో దేశమంతట పల్స్ పోలియో మొదలైనది. రైల్వే స్టేషనులలో, బస్సు స్టాండులలో, జాతరలలో, జాలరిపేటల ఇసుకతిన్నెలమీద బిడ్డలను వెదకి వెదకి రెండేసి చుక్కలు వేసిరి. పాడేరు, చింతపల్లి మన్యపు గూడెములకు మంచుపెట్టెలు భుజమున వేసికొని కొండలెక్కిరి. 2011 జనవరి తరువాత మన దేశమున ప్రకృతిసిద్ధమైన పోలియో వైరసువలన ఒక్క బిడ్డకును కాలు పడిపోలేదు. 2014 మార్చిలో దేశమునకు ఆ పత్రము లభించినది.

తెలుగువారికి గర్వకారణమైన సంగతి మఱియొకటి కలదు. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడు, 1948లో, బి.సి.జి. టీకా మన దేశమున మొదలైన చోట్లలో మదనపల్లె యొకటి. హెపటైటిస్-బి టీకాను విదేశములనుండి సామాన్యులకందని వెలకు తెప్పించుకొను రోజులలో, కె.ఐ. వరప్రసాదరెడ్డి గారను ఇంజనీరు హైదరాబాదున సంస్థను నెలకొల్పి, 1997లో దానిని స్వదేశముననే తయారుచేయించిరి. రోటావైరసు టీకాయు హైదరాబాదున తయారై, 2016లో ఆంధ్రప్రదేశపు పిల్లల పట్టికలో చేరినది. ఒకనాడు గిండీనుండి మందుకై ఎదురుచూచిన తెలుగునేలనుండి నేడు ప్రపంచదేశములకు టీకాలు పోవుచున్నవి. ఊరి చివర దీపము చీకటిగా నుండరాదు గదా!

ఇన్ని సౌకర్యములుండగా చిక్కేమని అడుగవచ్చును. చిక్కు జయముననే యున్నది. ఈ గ్రంథాలయము పుట్టిన సంవత్సరమున పుట్టిన బాలిక నేడు తల్లియైనది. ఆమె పెద్దమ్మవారిని చూడలేదు. కంఠసర్పితో గొంతు మూసికొనిపోయి ఊపిరాడని బిడ్డను చూడలేదు. ఆమెకు కనబడునది సూదిపోటు, ఆ రాత్రి జ్వరము, బిడ్డ యేడ్పు. కనబడని పులికంటె కనబడు ముల్లు భయంకరముగా తోచుట సహజము. ఆమెను నిందించుట తగదు. పులి యుండెనని ఆమెకు చెప్పువారుండవలెను. ఆ చెప్పవలసిన వారు ఇంటి పెద్దలు. మచ్చ యున్న చేయి గల తాతయు అమ్మమ్మయు నోరు విప్పవలెను.

భారతమున పరీక్షిన్మహారాజు కథ అందఱెఱిగినదే. తక్షకుని భయమున ఒంటిస్తంభపు మేడ కట్టించి, చుట్టును కావలి పెట్టించెను. అన్ని ద్వారములు మూసినను ఒక పండులోని పురుగై మృత్యువు లోపల ప్రవేశించెను. అంటువ్యాధికి ఊరు అట్టి మేడ. తట్టు రోగి యొకడు టీకా లేనివారి నడుమ పండ్రెండు మొదలు పదునెనిమిది మందికి దానిని అంటింపగలడు. నూటికి తొంబదియైదుగురు రెండు మోతాదులును పొందియున్నచో ఆ వ్యాధికి దారి దొరకదు. ఆ మిగిలిన ఐదుగురెవరు? తొమ్మిది నెలలు నిండని పసికందు, పెద్దజబ్బుకు మందు వాడుచు ఈ టీకాను పొందలేని బిడ్డ. వారికి రక్షణ ప్రక్కింటివారి బిడ్డయే. కావున టీకా వేయించుట కేవలము స్వంత లాభము కాదు. ఇరుగుపొరుగు ఋణము తీర్చుట.

అదే కథలో మఱియొక ముచ్చట కలదు. రాజును బ్రతికింపగల విద్య నెఱిగిన కాశ్యపుడు వచ్చుచుండగా, తక్షకుడు ధనమిచ్చి దారిలోనుండియే అతనిని మరలించెను. ఎండలో మంచుపెట్టె మోసికొని గుమ్మమునకు వచ్చిన నర్సమ్మను "రేపు చూతము, జ్వరము వచ్చునట" యని మరలించుట అట్టిదే. నర్సమ్మ మరల రావచ్చును. వ్యాధి మాత్రము ముహూర్తము చూచుకొని రాదు.

జ్వరము సంగతి దాచనక్కరలేదు. ఐదు వ్యాధుల సూది పిమ్మట కొందఱు బిడ్డలకు ఒకటి రెండు రోజులు జ్వరము, పోటు వేసిన చోట వాపు కలుగును. శరీరము పాఠము చదువుకొనుచున్నదని దానికర్థము. తల్లిపాలు మానరాదు. నర్సమ్మ చెప్పిన మోతాదున జ్వరపు మందు వేయవచ్చును. పోటుచోట పసుపు, పేడ మొదలగునవి పూయరాదు. కొద్దిపాటి జలుబున్నంత మాత్రమున టీకా మానుకొనరాదు. తీవ్రమైన ప్రతిక్రియ మిక్కిలి అరుదు. దానిని కనిపెట్టుటకే అరగంట సేపు కేంద్రమున కూర్చుండుమందురు. ఆ అరగంట తప్పక కూర్చుండవలెను. బిడ్డ వాలిపోయినను, మూర్ఛ వచ్చినను, ఏడ్పు ఎంతకును మానకున్నను వెంటనే వైద్యునికి చూపవలెను. సీసామీది గుర్తును చూచుట ఎవరికైనను సాధ్యమే. వలయములోని చిన్న చతురస్రము చుట్టునున్న రంగుకంటె తేలికగా నున్నచో మందు చెడలేదు. అడిగి చూచుట తప్పు కాదు. మంచి నర్సమ్మ సంతోషముతో చూపును.

ఒక మోతాదు తప్పిపోయినచో అంతయు వ్యర్థమైనదని కొందఱు మానివేయుదురు. అది పొరపాటు. పద్దులో బాకీ యున్నంత మాత్రమున వెనుకటి జమ కొట్టివేయబడదు గదా! పొందిన మోతాదులు లెక్కలో ఉండును. ఎక్కడ ఆగినదో అక్కడనుండి సాగింపవచ్చును. ఆలస్యమును గూర్చి సిగ్గుపడి దాగుకొనుటకంటె ఆరోగ్యకేంద్రమునకు పోయి మిగిలినది అడుగుట మేలు. పనికై ఊళ్లు మాఱువారు ఆ చీటిని రేషను కార్డుతో సమానముగా భద్రపఱచుకొనవలెను. దానిని చూపినచో ఏ ఊరనైనను తరువాతి టీకా వేయుదురు.

ఇక ఫ్లూ టీకా. పిల్లల ఉచిత టీకాల పట్టికలో ఇది చేరలేదు. వెలయిచ్చి వేయించుకొనవలసినది. అందఱకును అత్యవసరమని చెప్పుట లేదు. అయితే అరువదియైదేండ్లు దాటినవారు, ఉబ్బసము, గుండెజబ్బు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారు, గర్భిణులు, రోగులకు పరిచర్య చేయువారు వైద్యుని అడుగవలెను. ఫ్లూ వైరసు బహురూపి. ఏటేట వేషము మార్చును. అందుచేత ప్రపంచ ఆరోగ్యసంస్థ ఏటికి రెండుమార్లు ఏయే రకములు టీకాలో చేరవలెనో సూచించును. వేయించుకొనువారును ఏటేట వేయించుకొనవలెను. మన ప్రాంతమున వర్షకాలముననే ఫ్లూ విజృంభించును గాన, వానలకు ముందు వేయించుకొనుట యుక్తము. రక్షణ కలుగుటకు రెండు వారములు పట్టును. ఆరు నెలలు నిండని బిడ్డకు ఈ టీకా లేదు. ఆ బిడ్డకు తల్లి పొందిన టీకాయే కాపు. ఇది ప్రతి జలుబును ఆపునని నమ్మరాదు. ఫ్లూ వచ్చినను ప్రాణముమీదికి రాకుండ చాలవఱకు కాపాడును. ఆపాటి లాభము ముసలితనమున తక్కువది కాదు.

గ్రంథాలయమునకు ఇందు పనియేమి? అడంగలులో ఒక సర్వే నంబరు వ్రాయక విడిచినచో ఆ చేను లేనట్లే యగును. పిల్లల జాబితాలో ఒక పేరు విడిచినచో ఆ బిడ్డయు అట్లే లేకపోవును. ఊరి చివర గుడిసెలో దిగిన కూలివారి బిడ్డ, ఇటుకబట్టీవద్ద పుట్టిన బిడ్డ, పుట్టింటికి పురిటికి వచ్చిన కూతురి బిడ్డ, ఈ మువ్వురే తఱచుగా లెక్క తప్పుదురు. గ్రంథాలయమునకు వచ్చు యువకులు అట్టి ఇండ్లను నర్సమ్మకు, ఆశా కార్యకర్తకు తెలియజేయవచ్చును. టీకాలు వేయు బుధ, శనివారములను ముందునాడే నల్లబల్లమీద వ్రాయవచ్చును. చదువురాని తల్లికి చీటిలో ఏమున్నదో, మఱల ఎప్పుడు రావలెనో చదివి చెప్పవచ్చును. చేతిఫోనులలో త్రిప్పుచున్న వదంతులను గూర్చి ఎవరైనను అడిగినపుడు ఎగతాళి చేయక, వైద్యుని ఇచ్చటికే రప్పించి సమాధానము చెప్పింపవచ్చును. వీనిలో ఏదియు ధనముతో పని లేదు.

పుస్తకమును ఒకడు చదివినచో ఒకనికి మేలు; చదివి పదిమందికి వినిపించినచో ఊరికి మేలు. టీకాకును అదియే న్యాయము. రాబోవు ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవము జరుగునాడు, ఈ సంవత్సరమున ఈ ఊర పుట్టిన బిడ్డలు ఒక్కరును తగ్గకుండ ఈ సభలో కూర్చుండవలెను. అందులకు నేడు చేయవలసిన పని బుధవారమున మొదలగును.

స్వస్తి.